కాలనీ గ్రూపులో విరాళాల పోస్టర్ వచ్చింది, నిజమో కాదో ఎట్లా తెలుసుకోవాలి?

నయీంనగర్_నాలా
నిన్న సాయంత్రం నుంచి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ తిరుగుతోంది. ఆరేడేళ్ల పాప, ముక్కులో గొట్టం, "గుండె ఆపరేషన్‌కు 8 లక్షలు, రేపటిలోగా కట్టాలి, తండ్రి ఆటో డ్రైవర్" అని రాసి కింద క్యూఆర్ కోడ్ పెట్టారు. పాపది ఏ ఊరు, ఈ పోస్టర్ మీకు ఎవరు పంపారు అని అడిగాను, అంతే. అడ్మిన్ గారు "ఇచ్చే మనసు లేకపోతే ఊరుకో, ఇచ్చేవాళ్ళని ఎందుకు ఆపుతావు" అన్నాడు. దాని కింద నలుగురు చప్పట్ల బొమ్మలు. అప్పటికే 500, 1116 పంపినట్టు స్క్రీన్‌షాట్లు వరసగా వస్తున్నాయి. క్యూఆర్ స్కాన్ చేసి చూస్తే ఏదో ట్రేడర్స్ అని పేరు వస్తోంది, తండ్రి పేరు రావడం లేదు. దొంగ పోస్టర్ అని నేను అనడం లేదు, నిజమైతే నేనూ ఇస్తాను. కానీ తెలుసుకునేది ఎట్లా? అడగడమే తప్పా?

లష్కర్_బజార్
ట్రేడర్స్ అని వచ్చినంక ఇంకేం తెలుసుకుంటవ్ అన్నా. అయిపోయింది కథ.

పరకాల_పిలగాడు
అంత తొందర వద్దు. మా ఊర్లో ఒకాయనకు యాక్సిడెంట్ అయినప్పుడు ఇంట్లో ఎవరికీ ఫోన్‌పే లేదు, ఉన్న ఒక్క ఫోన్ బటన్ల ఫోన్. కిరాణం షాపు వాళ్ళ క్యూఆరే పెట్టి వసూలు చేశాం. స్కాన్ చేస్తే జనరల్ స్టోర్స్ అనే వచ్చేది. ప్రతి పైసా వాళ్ళింటికే చేరింది. పేరు ఒక్కటి చూసి దొంగ అనలేం.

లష్కర్_బజార్
సరే, ఒప్పుకుంట. కానీ మీ ఊరోళ్ళకు ఆ షాపాయన ఎవరో ఎరుకే కద. ఇక్కడ ఎవరికి ఎరుక?

పరకాల_పిలగాడు
అదీ నిజమే. "ఇది ఫలానా షాపు ఖాతా, ఇందుకు వాడుతున్నాం" అని మేం పోస్టర్ మీదే రాశాం కూడా.

ఎంజీఎం_చౌరస్తా
ఆసుపత్రి కాగితం ఏమైనా జత చేశారా? పోస్టర్ కంటే ముందు అది చూడాలి. ఏమేం రాసుందో ఇక్కడ చెప్పండి, పాప ఫొటో మాత్రం పెట్టకండి.

నయీంనగర్_నాలా
ఒక లెటర్ ఉంది. పైన ఎంజీఎం ఆసుపత్రి, వరంగల్ అని ఉంది. "ఎస్టిమేట్ 8,00,000" అని ఇంగ్లీషులో. ముద్ర ఉంది కానీ చదవరాకుండా ఉంది. ఇంకోటి, తేదీ ఉండాల్సిన చోట నమస్కారం పెట్టే చేతుల బొమ్మ అతికించారు.

కాజీపేట_ప్యాసింజర్
తేదీకే దండం పెట్టిండ్రు 😂

ఎంజీఎం_చౌరస్తా
ఇక్కడే దొరికిపోయారు. ఎంజీఎం సర్కారు దవాఖాన. 8 లక్షలు కట్టండి అని రోగికి కాగితం రాసివ్వడం అక్కడ ఉండదు. ఇక్కడ చేయలేని ఆపరేషన్ అయితే హైదరాబాద్‌కి, ఎక్కువగా అక్కడి సర్కారు దవాఖాన నిమ్స్‌కి రాసి పంపుతారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే గుండె ఆపరేషన్లు అందులో వస్తాయి, 2023 డిసెంబర్ నుంచి పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు కూడా. అది సరిపోకపోతే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకుని, నిమ్స్‌లో చేర్చేవాళ్ళు ముందే ఎల్‌ఓసీ, అంటే ఖర్చు సర్కారు ఇస్తుందని రాసిచ్చే లెటర్ తెచ్చుకుంటారు. అందుకని నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళని "ఆరోగ్యశ్రీ ఎందుకు కాలేదు?" అని అడిగితే వాళ్ళకి కోపం రాదు. ఏ ఆఫీసులో ఎవరు ఏమన్నారో, ఏ కాగితం తక్కువైందో అరగంట చెప్పుకుంటూ పోతారు, ఎందుకంటే అప్పటికే అన్ని గుమ్మాలూ తొక్కి ఉంటారు. దొంగ దగ్గర ఆ కథ ఉండదు. "టైం లేదు సార్, పంపితే పంపండి" అంటాడు.

ప్రైవేటు ఆసుపత్రి లెటర్ అయితే ఐపీ నంబరు (చేరిన రోగికి ఆసుపత్రి ఇచ్చే నంబరు), డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ చూడండి. తర్వాత ఆసుపత్రికే ఫోన్ చేసి బిల్లింగ్ కౌంటర్‌ని అడగండి. రోగి వివరాలు చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ "ఈ ఐపీ నంబరు మీద మీ ఆసుపత్రి ఖాతాకే డబ్బు కట్టొచ్చా" అంటే అవునో కాదో చెప్తారు. ఆసుపత్రి ఫోన్ నంబరు కూడా పోస్టర్ మీదున్నది వద్దు, ఆసుపత్రి సొంత వెబ్‌సైట్‌లోదో బోర్డు మీదిదో తీసుకోండి.

పద్మాక్షి_గుట్ట
ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి, అదే ఫొటో ఇంకెక్కడైనా ఉంటే చూపిస్తుంది. మొహం ఒక్కటే కాకుండా వెనకాల మంచం, గోడ అన్నీ వచ్చేలా పెట్టండి.

నయీంనగర్_నాలా
పెట్టాను. దొరికింది. 2021లో వేరే రాష్ట్రంలో పెట్టిన విరాళాల పేజీలో ఇదే ఫొటో. అదే మంచం, నీలం గీతల దుప్పటితో సహా. పాప పేరు వేరే, జబ్బు వేరే. ఆ పేజీలో ఆపరేషన్ అయిందని, వసూళ్ళు ఆపేశామని కూడా ఉంది.

లష్కర్_బజార్
చెప్పిన్న లేదా.

పద్మాక్షి_గుట్ట
నువ్వు చెప్పింది ట్రేడర్స్ గురించి, నేను చెప్పింది లెన్స్ గురించి 🙂 కానీ ఒకటి గమనించండి. ఆ పాప నిజమే, పాత పేజీలో ఉన్న జబ్బూ నిజమే. పోస్టర్ మీద మార్చి రాసిన వివరాలు, కిందున్న ఖాతా అబద్ధం. ఇప్పుడు వచ్చేవన్నీ దాదాపు ఇట్లాగే ఉంటున్నాయి. మనమేమో "ఆ పాపని చూస్తే అబద్ధంలా లేదు" అని పాపనే చూస్తాం, డబ్బు ఎటు పోతుందో చూడం.

బ్యాంకు_బాబాయ్
పద్మాక్షి గారు అసలు సంగతి పట్టుకున్నారు. బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి ఖాతా వైపు నుంచి చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

2020 మార్చిలో కరోనా కోసం పీఎం కేర్స్ ఫండ్ ప్రకటించినప్పుడు అసలు యూపీఐ ఐడీ పీఎంకేర్స్ ఎట్ ఎస్‌బీఐ. రోజు తిరక్కముందే చివర ఎస్ లేకుండా పీఎంకేర్ ఎట్ ఎస్‌బీఐ అని ఒకటి పుట్టింది. ఢిల్లీ పోలీసులు హెచ్చరిక పెట్టారు, బ్యాంకు దాన్ని బ్లాక్ చేసింది. అందులో ఎవరూ కథ అల్లలేదు. విపత్తు నిజం, ఫండ్ నిజం, ఒక్క అక్షరం తేడా అంతే. అందుకే ఫార్వర్డ్‌లో వచ్చిన ఐడీకి గానీ క్యూఆర్‌కి గానీ పంపకుండా, ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్ళి అక్కడున్న ఖాతా చూసి పంపాలి. ఫార్వర్డ్‌లో వచ్చిన లింకు నొక్కి వెళ్తే వెళ్ళినట్టు కాదు.

డబ్బు పంపే ముందు యాప్‌లో బ్యాంకులో ఉన్న పేరు కనబడుతుంది. పోస్టర్ మీద పేరుకీ దానికీ పొంతన లేకపోతే ఆగండి, ఎందుకో అడగండి. పరకాల తమ్ముడు చెప్పినట్టు కారణం ఉండొచ్చు. ఉంటే ముందే చెప్తారు, మనం పట్టుకున్నాక చెప్పేది వేరు.

ఇక చాలామందికి తెలియనిది. ఒకసారి ఇచ్చినవాళ్ళకి రెండో దెబ్బ పడుతుంది. "మీరు విరాళం ఇచ్చారు కదా, రసీదు పంపుతున్నాం" అని వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. పేరు రసీదు అనే ఉంటుంది, చివర పీడీఎఫ్ బదులు ఏపీకే అని ఉంటుంది, అంటే అది కాగితం కాదు, యాప్. అది తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలు వాడి చేతిలోకి పోతాయి. మా బ్రాంచికి వచ్చిన ఒక రిటైర్డ్ ఆయన పంపిన విరాళం 1000, పోయింది ఎఫ్‌డీ. ఇంకో రకం, "పొరపాటున రెండుసార్లు కట్ అయింది, వెనక్కి వేస్తాం, పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే పోవడమే. మనుషుల మధ్య రిక్వెస్ట్ పెట్టి డబ్బు అడిగే పద్ధతిని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ నుంచి ఆపేసింది, కాబట్టి ఇప్పుడు క్యూఆర్ పంపి "ఇది స్కాన్ చేస్తే మీకు డబ్బులొస్తాయి" అంటున్నారు. స్కాన్ చేస్తే డబ్బులు రావు సార్, పోతాయి.

కాజీపేట_ప్యాసింజర్
నాకు కూడా చాలా కష్టం ఉంది, క్యూఆర్ పెట్టమంటారా

లష్కర్_బజార్
ట్రేడర్స్ పేరు మీద అయితే వద్దు.

మంథని_మాస్టారు
మీరందరూ చెప్పేది బాగానే ఉంది కానీ ఇట్లా ప్రతిదానికీ లెన్స్ పెట్టి, ఐపీ నంబరు అడిగి, ఆసుపత్రికి ఫోన్ చేసి, అప్పుడు వంద రూపాయలు పంపేవాడు ఎవడయ్యా? నిజంగా రేపు ఆపరేషన్ ఉన్న తండ్రి మీ పరీక్షలన్నీ పాసయ్యేలోపు ఏమవుతాడు? 2021లో హైదరాబాద్‌లో ఒక చిన్న బాబుకి 16 కోట్ల ఇంజెక్షన్ ఎట్లా వచ్చింది? ముక్కూ మొహం తెలియని వేల మంది ఇస్తేనే కదా, వాళ్ళూ మీలాగే వెనక్కి లాగి ఉంటే వచ్చేదా? నా మట్టుకు వంద మంది దొంగలకు పోయినా ఒక్కడికి అందితే చాలు.

పద్మాక్షి_గుట్ట
మాస్టారూ, ఆ బాబు వసూళ్ళు ఒక తెలిసిన విరాళాల వేదిక మీద, జబ్బు పేరు, మందు పేరుతో సహా అందరికీ కనబడేలా జరిగాయి. అట్లాంటి చోట ఎంత వచ్చింది, ఎవరికి పోయింది అని అడిగే దారి ఉంటుంది. క్యూఆర్ ఫార్వర్డ్‌కి ఆ దారి లేదు.

పరకాల_పిలగాడు
వేదిక మీద ఉన్నంత మాత్రాన నమ్మేయకండి కానీ. పేజీ ఎవరైనా తెరవొచ్చు. అక్కడ చూడాల్సింది డబ్బు నేరుగా ఆసుపత్రికి వెళ్తుందా, పేజీ తెరిచినవాళ్ళ ఖాతాకి వెళ్తుందా అని. ఇంకా చివర్లో "టిప్" అని వాళ్ళే కొంత కలిపి ఉంచుతారు, అది తీసేసే వీలు ఉంటుంది, చాలామంది చూసుకోరు.

మంథని_మాస్టారు
టిప్ గురించి ఇప్పుడే వింటున్నాను. హోటల్ బిల్లులాగా అయిపోయిందే ధర్మం కూడా.

దుబాయ్_మల్లన్న
మాస్టారు చెప్పిన వంద మంది దొంగల మాటకు నేను ఒప్పుకోను. దొంగలకు పోయేది పైసలు ఒక్కటే కాదు, తర్వాతోడి మీద నమ్మకం కూడా. మాది జగిత్యాల దిక్కు, ఇక్కడ గల్ఫ్ గ్రూపుల్లో నెలకోసారి ఒక మెసేజ్ వస్తది. "మన తెలంగాణ తమ్ముడు రూములో చనిపోయిండు, బాడీ ఇంటికి పంపనీకి పైసల్లేవు." పాస్‌పోర్ట్ ఫొటో పెడతరు. చూసినంక కడుపులో దేవినట్టు అయితది, ఎందుకంటే రేపు మనమే కావచ్చు. ఒకసారి నిజంగనే చనిపోయినాయన ఫొటోతోని ఎవడో కేరళ నుంచి వసూలు చేసిండు, ఇంట్లోళ్ళకు ఎరుకే లేదు. ఆ తర్వాత నెల నిజమైన కేసు వస్తే గ్రూపుల ఒక్కడు కదలలే.

చాన మందికి తెల్వనిది ఏందంటే, బాడీ పంపే ఖర్చు మామూలుగ కంపెనీదే. కంపెనీ చేతులెత్తేస్తే ఎంబసీ, కాన్సులేట్ల దగ్గర ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి, అదే ఐసీడబ్ల్యూఎఫ్ ఉంది. తెలంగాణ సర్కారు 2024ల గల్ఫ్‌ల చనిపోయినోళ్ళ కుటుంబానికి 5 లక్షలు ఇస్తమని జీవో ఇచ్చింది. ఇవన్నీ అడిగిర్రా లేదా అని మొదలు అడగాలె. ఇంకోటి, యూఏఈల ఎవరు పడితే వాళ్ళు చందాలు వసూలు చేసుడు నేరం. 2021 చట్టం ప్రకారం 2 లక్షల నుంచి 5 లక్షల దిర్హాముల దాకా జుర్మానా, జైలు కూడా పడొచ్చు. పాపం మంచికే అని గ్రూపుల నంబరు పెట్టినోడు కూడా ఇరుక్కుంటడు.

కాజీపేట_ప్యాసింజర్
5 లక్షల దిర్హాములా?? మన పైసలల్ల కోటి దాటుద్ది.

దుబాయ్_మల్లన్న
అవును తమ్మీ. అందుకే ఇక్కడ లైసెన్స్ ఉన్న సంస్థల ద్వారానే ఇయ్యాలె.

చిట్టా_పద్దులు
సీఏ ఆఫీసులో చేస్తాను. "80జి ఉంది సార్, టాక్స్ మిగులుతుంది" అని ఫోన్లు వస్తాయి కదా, విరాళాల మీద పన్ను మినహాయింపు ఇచ్చే ఆ సెక్షన్ మీద రెండు ముక్కలు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి 80జి మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నా 2000 దాటి నగదు ఇస్తే రాదు. ఒక పాప ఆపరేషన్ అని తండ్రి ఖాతాకి పంపినదానికి కూడా రాదు, అది రిజిస్టర్ అయిన సంస్థకి ఇస్తేనే. కాబట్టి వ్యక్తి క్యూఆర్ పెట్టి "80జి వర్తిస్తుంది" అని కింద రాశారంటే అక్కడే ఏదో తేడా ఉంది.

సంస్థ అయితే పాన్ నంబరు అడగండి, ఇన్‌కం టాక్స్ వెబ్‌సైట్‌లో మినహాయింపు ఉన్న సంస్థల జాబితాలో వెతకొచ్చు. నిజమైనవాళ్ళు ఏడాది చివర విరాళాల లెక్క ఆదాయపన్ను శాఖకి ఇచ్చి, మీకు 10బీఈ అనే సర్టిఫికెట్ ఇస్తారు. లెటర్‌హెడ్ మీద కొట్టిచ్చిన రసీదు ఒక్కటే సరిపోదు. నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు చూపించి "మేం గవర్నమెంట్ గుర్తింపు" అంటారు చూడండి, అది సంస్థలు తమంతట తాము వివరాలు పెట్టుకునే పోర్టల్. అందులో పేరుంటే సంస్థ ఉందని తెలుస్తుంది, డబ్బు ఏం చేస్తుందో తెలియదు.

బ్యాంకు_బాబాయ్
దర్పణ్ గురించి బాగా చెప్పారు. ఆ నంబరు పోస్టర్ మీద పెద్దగా వేసుకుని, ఖాతా మాత్రం ప్రెసిడెంట్ గారి సొంత సేవింగ్స్ ఖాతా పెట్టినవాళ్ళని చూశాను.

గట్టమ్మ_దారి
మేడారం జాతర ముందు కూడా ఇదే గోల. "మీ పేరు మీద తల్లులకు బంగారం (అదే బెల్లం) సమర్పిస్తాం, అన్నదానానికి ఇవ్వండి" అని ఎక్కడెక్కడి పేజీలో. మా అత్తమ్మ కొద్దిలో పంపేది. దేవాదాయ శాఖ వాళ్ళ దగ్గర, ఆర్టీసీ కార్గోలో అసలైన సేవలు ఉన్నప్పుడు ఈ పేజీలతో ఏం పని?

రీల్స్_రాజవ్వ
ఇన్‌స్టాలో ముసలామె ఏడుస్తుంటే పక్కన ఒకడు నోట్ల కట్ట ఇస్తాడు, కింద ఖాతా నంబరు. ఆ ముసలామెకి తర్వాత ఏమైందో ఒక్క వీడియో ఉండదు.

ఓరుగల్లు_వాలంటీర్
మంథని మాస్టారు అడిగిన దానికి నా జవాబు, ఎందుకంటే మేం వసూలు చేసేవైపు ఉన్నాం. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మొత్తం మునిగింది గుర్తుందా, జనం ఇళ్ళ మీదికెక్కి కూర్చున్నారు. ఆ వారం మా కాలేజీ ఫ్రెండ్స్‌మి కలిసి వసూలు చేశాం. అనుమానపు ప్రశ్నలు మాకూ వచ్చాయి, మొదట మండింది కూడా. కానీ జవాబు చెప్పడానికి ఎంత సేపు పట్టింది? ఎవరి ఖాతా, ఎంత వచ్చింది, ఎక్కడ కొన్నాం అని ప్రతి సాయంత్రం గ్రూపులో పెట్టేవాళ్ళం. బీట్ బజార్ బియ్యం బిల్లు మీద షాపు ముద్ర కనబడేలా ఫొటో. దుప్పట్లు 40 తక్కువొచ్చాయంటే అదీ రాశాం. లెక్క కనబడిన తర్వాత అడిగినవాళ్ళే ఎక్కువ పంపారు. అడిగితే తిట్టేవాడి గురించి ఆలోచించాలి మాస్టారూ, అడిగేవాడి గురించి కాదు.

మంథని_మాస్టారు
సరే. వందకి పది మంది దొంగల దాకా తగ్గించుకుంటాను, అంతకంటే తగ్గను.

నయీంనగర్_నాలా
గ్రూపులో పాత పేజీ లింకు పెట్టాను. అడ్మిన్ పోస్టర్ తీసేశాడు, సారీ ఏమీ లేదు. మా పక్కింటి ఆంటీ 5000 పంపిందట నిన్న రాత్రే. "నా ఇష్టంతో నేనే పంపాను కదా, పోలీసులు ఏం చేస్తారు" అంటోంది. నిజమేనా?

బ్యాంకు_బాబాయ్
ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, రేపు కాదు. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి ఏటీఎంకి గంటల్లో పోతుంది, ఆపగలిగేది ఆలోపే. చేతిలో ఉండాల్సినవి: యూపీఐ లావాదేవీ 12 అంకెల నంబరు, సమయం, ఎంత, ఏ బ్యాంకు నుంచి, పోస్టర్ స్క్రీన్‌షాట్. లైన్ దొరక్కపోతే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. బ్యాంకుకి కూడా చెప్పండి. పోస్టర్ తీసేసినా ఎవరి దగ్గరైనా ఉంటుంది, అడిగి దాచుకోండి.

హంటర్‌రోడ్_లాయర్
ఇష్టంతో పంపడం ఒక విషయం, అబద్ధం చెప్పి పంపించుకోవడం ఇంకో విషయం. భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసమే. ఆన్‌లైన్‌లో ఇంకొకరిలా నటించి చేస్తే ఐటీ చట్టం 66డి కూడా. బ్యాంకులో ఫ్రీజ్ అయిన డబ్బుని తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకి వెనక్కి ఇప్పిస్తున్నారు, లాయర్ అవసరం కూడా లేదు. నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నాను చూడండి.

కాజీపేట_ప్యాసింజర్
లాయర్ గారికి ఒక క్యూఆర్ పెట్టండయ్యా

నయీంనగర్_నాలా
చేయించాను. ఫిర్యాదు నంబరు వచ్చింది. డబ్బు వస్తుందో రాదో తెలియదు కానీ ఆంటీ కాస్త నిమ్మళంగా ఉంది.

సుబేదారి_స్వప్న
ఇది కొంచెం పక్కకి పోతుంది, కానీ అడుగుతున్నాను. అనాథాశ్రమం నుంచి అని ఒకమ్మాయి ఫోన్ చేస్తోంది, మా బాబు పుట్టినరోజు తనకెట్లా తెలుసో కూడా తెలియదు. 30 మంది పిల్లలకి భోజనం 3500 అంటోంది. అడ్రస్ అడిగితే హన్మకొండలోనే అంటుంది, వీధి పేరు చెప్పదు.

ఎంజీఎం_చౌరస్తా
పిల్లల్ని ఉంచుకునే ఏ ఆశ్రమమైనా జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కింద రిజిస్టర్ అయి ఉండాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే ఉందో లేదో చెప్తారు. వీధి పేరు చెప్పలేని ఆశ్రమానికి డబ్బు పంపకండి. నిజంగా పిల్లలు ఉండి, రిజిస్ట్రేషన్ లేకపోతే అది ఇంకా పెద్ద సమస్య, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి.

ఓరుగల్లు_వాలంటీర్
"డబ్బు పంపను, బియ్యం తెచ్చి నేనే ఇస్తాను, లొకేషన్ పంపండి" అని చెప్పి చూడండి అక్కా.

సుబేదారి_స్వప్న
ఇప్పుడే మెసేజ్ పెట్టాను. "బియ్యం స్టాక్ ఉంది మేడమ్, ఫోన్‌పే చేయండి" అంది.

లష్కర్_బజార్
😂😂 స్టాక్ ఫుల్ అట

సుబేదారి_స్వప్న
మా బాబుకి మాట ఇచ్చేశాను పిల్లలకి భోజనం పెడదామని. రిజిస్టర్ అయినవి సిటీలో ఏమున్నాయో ఆ ఆఫీసులో కనుక్కుని ఆదివారం వెళ్తా. ఎవరైనా వస్తారా?

ఓరుగల్లు_వాలంటీర్
నేను వస్తా. ముందే ఫోన్ చేసి వాళ్ళకి ఏం కావాలో అడుగుదాం, అందరూ కేకులు, పులిహోర తెస్తారు, వాళ్ళకి సబ్బులో నోటుబుక్కులో కావాల్సి ఉంటుంది.

కాజీపేట_ప్యాసింజర్
ఆదివారం నాకు డ్యూటీ, శనివారం అయితే నేను కూడా రెడీ. సబ్బులు నావి.